కంచె ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో నాంచారి అనే ముళ్ళపంది ఉండేది. మనిషి మంచిది, అంటే పంది మంచిది, కానీ వీపు నిండా ముళ్ళు. పెళ్ళికి పిలిచిన వాళ్ళు కూడా "నువ్వు ఆ చివర కూర్చో నాంచారీ, అక్కడ గాలి బాగా వస్తుంది" అనేవాళ్ళు. ఆ చివర గాలి రాదని అందరికీ తెలుసు. నాంచారికీ తెలుసు. అయినా వెళ్ళి కూర్చునేది.

ఎవరైనా ఎదురొస్తే తనే రెండడుగులు వెనక్కి వేసి దారి ఇచ్చేది. వెనక్కి వేసేటప్పుడు వెనక ఎవరైనా ఉన్నారేమో అని మళ్ళీ భయం. అలా ఒకరిని నొప్పించకుండా తిరగడంలోనే ఆమె సగం బతుకు గడిచిపోయింది.

ఆమె దగ్గరికి బెదరకుండా వచ్చేది ఒక్క బుడ్డి. పక్క పొదలో ఉండే కుందేలు వరాలు కూతురు. దానికింకా భయమంటే ఏమిటో ఎవరూ నేర్పలేదు. ముళ్ళ మధ్యకి ముక్కు దూర్చి "అత్తా, ఇవి నీకు గుచ్చుకోవా?" అని అడిగేది.

"నాకు గుచ్చుకోవే తల్లీ, నీకే. కొంచెం ఇవతలికి రా" అనేది నాంచారి. అని, అది ఇవతలికి వస్తే కాస్త చిన్నబుచ్చుకునేది కూడా.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవి అంచున ఉన్న విడిదింటికి వచ్చిన పట్నం వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక గాలితొట్టిని వదిలేసి పోయారు. గాలి ఊదితే ఉబ్బి నిలబడే గుండ్రటి రబ్బరు తొట్టి అది. నీళ్ళు నింపుకొని లోపల కూర్చోవచ్చు. కోతులు దాన్ని ఈడ్చుకొచ్చి, ఒక తేనెపట్టు పుచ్చుకొని ఎలుగుబంటి సోమలింగానికి ఇచ్చేశాయి.

సోమలింగం అడవిలో పలుకుబడి ఉన్నవాడు. పలుకుబడి అంటే ఏమిటండీ అని ఎవరైనా అడిగితే, తను చేయాల్సిన పని తను చేయకుండానే అయిపోవడం అని ఆయనే చెప్పేవాడు.

తొట్టి ప్రారంభోత్సవానికి అడవి మండలి అధ్యక్షులు ఏనుగు గారు విచ్చేశారు. తొండం పెట్టి ఒక్క ఊపున గాలి ఊదారు. వాగులో మిగిలిన నీళ్ళలోంచి కొన్ని పీల్చి తెచ్చి నింపారు. ఆ తర్వాత నీటి పొదుపు గురించి మాట్లాడారు.

వాగుండగా తొట్టి ఎందుకని ఎవరూ అడగలేదు. వాగు అందరిదీ. తొట్టి సోమలింగానిది. ఆ ముచ్చట వేరు.

తర్వాత వచ్చిన పట్నం వాళ్ళూ తొట్లు వదిలేసి పోయారు. చూస్తూండగానే పేరున్న ప్రతి గుహ ముందూ ఒక గాలితొట్టి వెలిసింది. లేనివాళ్ళు చుట్టాలు వస్తున్నారంటే గుహ మార్చే స్థితికి వచ్చారు. అంతలో ఒకనాడు ఒక ముంగిస పిల్ల ఎవరి తొట్టిలోనో జారిపడింది. సమయానికి ఎవరో తోక పట్టి లాగారు కాబట్టి దక్కింది. ఆ మర్నాడే తల్లులంతా వరాలును ముందు పెట్టుకొని మండలికి వెళ్ళారు. నాంచారికి పిల్లల్లేరు గానీ, బుడ్డి మొహం గుర్తొచ్చి ఆమె కూడా వెళ్ళి చివర కూర్చుంది.

"తొట్లకి కంచెలు కట్టించాలయ్యా" అంది వరాలు. "లేకపోతే మా పిల్లలు దక్కరు."

మండలికి కొంగ కార్యదర్శి. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని వింటే ఎంతో శ్రద్ధగా వింటున్నట్టుండేది. "అన్ని తొట్లకీ అక్కర్లేదు" అంది కొంగ. "మోకాలి లోతు దాటిన తొట్టికి కంచె ఉండాలి అని రాసుకుందాం."

"ఎవరి మోకాలండీ?" అని అడిగింది వరాలు.

"అధ్యక్షుల వారిది. ఇంకెవరిది?"

ఏనుగు గారి మోకాలి లోతు దాటిన తొట్టి అడవిలో ఒక్కటీ లేదు. కాబట్టి సమస్య తీరిపోయిందని కొంగ కళ్ళు మూసుకుంది.

"అయ్యా, తమరి మోకాలి దాకా నీళ్ళుంటే మాలాంటి వాళ్ళు ఒకరి మీద ఒకరు నలుగురం నిలబడినా మునిగిపోతామండీ" అంది వరాలు.

అయితే తన మోకాలు తీసుకోమంది కొంగ. కొంగ కాలు వెనక్కి వంగుతుంది కదా, అది మోకాలేనా, చీలమండా అని ఎవరో అడిగారు. దాని మీద మధ్యాహ్నం దాకా చర్చ నడిచింది. మధ్యాహ్నం తర్వాత కొండచిలువ లేచి, మోకాళ్ళే లేని వర్గాల సంగతి ఏం చేశారని నిలదీసింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం విన్నాం గానీ, బోడిగుండొక్కటే ఉన్నవాళ్ళకి ఏ ముడీ లేదేమిటని దాని బాధ. ఏనుగు గారికి ఆకలేసింది. లోతు గొడవ వదిలేసి అన్ని తొట్లకీ కంచె ఉండాలని తీర్మానం చేసి లేచిపోయారు.

నిబంధనలు కొంగ రాసింది. రాసేటప్పటికి దానికి భాష మారిపోయేది.

"కంచె యనగా ముళ్ళు కలిగి, తొట్టి చెంత నిలిచి, పిల్లలను దూరముగా నుంచునది. కంచె కదలరాదు. కంచెకు గల గేటు తనంతట తానే మూసుకొనవలెను. తొట్టి పక్కన ఎక్కుటకు వీలగు వస్తువేదియు నుండరాదు. కంచె లేని యెడల పెద్దవారొకరు కూర్చుండి కాపలా కాయవలెను."

సోమలింగానికి ఈ ఆఖరి మాట నచ్చలేదు. ఎండాకాలమంతా ఇప్పపువ్వు తిని చెట్టు కింద పడుకోవడం ఆయన వంశాచారం. కాపలా కాయడం ఆయన వల్ల కాదు. పోనీ రేగుకంప కొట్టుకొచ్చి కంచె వేద్దామా అంటే, దానికి కంప దాకా నడవాలి. అలా దిగులుగా కూర్చున్నవాడికి ఎదురుగా నాంచారి పోతూ కనిపించింది. ఆయన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"నాంచారమ్మా, అలా వెనక్కి పోతావేం, ఇలా దగ్గరికి రా" అన్నాడు సోమలింగం.

నాంచారి వెనక్కి తిరిగి చూసింది. ఆ పేరుతో ఇంకెవరూ లేరు.

"నీకు ముళ్ళున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయండీ" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"నిలబడగలవా?"

"నిలబడతానండీ."

"నిన్ను చూస్తే పిల్లలు దూరంగా పోతారా?"

"పెద్దలు కూడా పోతారండీ."

"మరింకేం. నువ్వు కంచెవి. రేపట్నించి పనిలోకి రా. రోజూ దుంపలు నేను పెడతాను."

నాంచారికి ఆ రోజు అన్నం సయించలేదు. సంతోషంతోనే. పుట్టి బుద్ధెరిగాక ఆమె ముళ్ళు ఒకరికి పనికొస్తాయన్న వాళ్ళు లేరు. ఇప్పుడు అందరూ దూరంగా పోవడమే ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఊరికే చేసిన పనికి దుంపలు కూడా పెడతారట. పైగా పిల్లలకి ఏమీ కాకుండా చూసే పని. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

మర్నాడు తొండ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చింది. తొండ తల ఎప్పుడూ పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. అది దాని నరాల సంగతి. అడవిలో మాత్రం దాన్నే ఆమోదం అంటారు. ఆ తల ఆడించడం మీదే అది ఇన్‌స్పెక్టరు దాకా వచ్చింది.

"ఇది ముళ్ళపంది కదండీ?" అంది తొండ, తల ఆడిస్తూ.

"ముళ్ళపంది అయితే ముళ్ళు లేవా? ముళ్ళకంచెలో ముందుండేదీ ముళ్ళే, ముళ్ళపందిలో ముందుండేదీ ముళ్ళే" అన్నాడు సోమలింగం.

"అదీ నిజమే. మరి కంచె నాలుగు వైపులా ఉండాలి. ఇది ఒక వైపే ఉంది."

"తొట్టి గుండ్రంగా ఉందయ్యా. గుండ్రటి దానికి వైపులెక్కడివి?"

తొండ తొట్టి చుట్టూ తిరిగి చూసింది. వైపు ఒక్కటీ కనబడలేదు. "మరి గేటు?"

"నాంచారమ్మా, జరుగు" అన్నాడు సోమలింగం. నాంచారి జరిగింది. ఆయన లోపలికి వెళ్ళాక మళ్ళీ వచ్చి తన చోట నిలబడింది.

"తనంతట తనే మూసుకుంది" అంది తొండ ముచ్చటపడి. "ఇలాంటి గేటు అడవి మొత్తమ్మీద ఇదొక్కటే." తల ఆడించి ధ్రువపత్రం ఇచ్చేసింది. వెళ్తూ వెళ్తూ నాంచారితో, "గేటుగా అయితే జరగొచ్చు. కంచెగా మాత్రం కదలకూడదు. ఇంకో సంగతి, కంచె మాట్లాడకూడదు. మాట్లాడేదాన్ని కంచె అనరు" అని చెప్పింది.

నాంచారి సరేనని అనబోయి, మాట్లాడకూడదు కదా అని ఆగింది.

పని మొదట్లో బాగానే సాగింది. ముళ్ళు నిక్కబొడుచుకుని నిలబడితే పిల్లలు ఆ చాయలకే రాలేదు. వరాలు కూడా వచ్చి చూసి, "నువ్వున్నావు కదా వదినా, నాకు దిగుల్లేదు" అని వెళ్ళింది. ఆ మాట నాంచారి చాలాసేపు మనసులో పెట్టుకుని మురిసింది. సోమలింగం ఇంకా ఎక్కువ మురిశాడు. కంచె ఉంది కాబట్టి కాపలా అక్కర్లేదని, నిబంధన ప్రకారమే కడుపునిండా ఇప్పపువ్వు తిని, నిబంధన ప్రకారమే నిద్రపోయేవాడు. నీళ్ళ చల్లదనం వీపుకి తగులుతుందని తొట్టినే ఆనుకుని పడుకునేవాడు.

అందరూ భయపడ్డారు గానీ బుడ్డి భయపడలేదు. దానికి కంచె అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది నాంచారత్త.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం అది గెంతుకుంటూ వచ్చింది. "అత్తా, ఇక్కడెందుకు నిలబడ్డావ్? నీళ్ళలో బొమ్మలున్నాయట, చూడనా?"

నాంచారి పలకలేదు. ముళ్ళు ఇంకాస్త లేపింది.

"అత్తా, నా మీద కోపమా?"

నాంచారి గుండె చివుక్కుమంది. అయినా పలకలేదు. ఉద్యోగం.

బుడ్డి కాసేపు చూసింది. అత్త మాట్లాడకపోయేసరికి అవతలి పక్కకి తిరిగి వెళ్ళింది. గుండ్రటి దానికి వైపుల్లేవు గానీ అవతలి పక్క మాత్రం ఉంది. అక్కడ తొట్టిని ఆనుకుని సోమలింగం గుర్రుపెడుతున్నాడు. తొట్టి పక్కన ఎక్కడానికి వీలైన వస్తువేదీ ఉండరాదని నిబంధన. సొంతదారు వస్తువు కింద వస్తాడని ఎవరూ అనుకోలేదు. బుడ్డి ఆయన తొడ మీదికెక్కింది, అక్కడినుంచి పొట్ట మీదికి, పొట్ట మీదినుంచి భుజం మీదికి.

ఇక నాంచారి ఆగలేకపోయింది. "సోమలింగం గారూ, లేవండి. పిల్ల పైకెక్కింది."

సోమలింగం కళ్ళు తెరవలేదు. "కంచె మాట్లాడకూడదమ్మా" అని గొణిగి, అటు తిరిగి పడుకున్నాడు.

ఆయన తిరిగిన తిరుగుడుకి బుడ్డి నీళ్ళలో పడింది.

చప్పుడు పెద్దగా రాలేదు. నీళ్ళలో పడ్డ పిల్లలు కేకలు వేస్తారని ఒడ్డునున్న వాళ్ళు అనుకుంటారు గానీ, వాళ్ళకి కేక వేసేందుకు ఊపిరుండదు. రెండు చెవులు పైకి వచ్చాయి. మునిగాయి. మళ్ళీ ఒక చెవే వచ్చింది.

నాంచారి తొట్టి ఎక్కబోయింది. రబ్బరు గోడ జారింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది. అప్పుడామె జీవితమంతా చేయకూడదని అనుకున్న పని చేసింది. తొట్టికి వీపు తిప్పి, ఉన్న ముళ్ళన్నీ లేపి, వెనక ఎవరున్నారో చూడకుండా బలమంతా పెట్టి వెనక్కి నడిచింది.

తొట్టి పగిలింది. గాలీ నీళ్ళూ ఒక్కసారే బయటపడ్డాయి. సోమలింగం కొట్టుకుపోయి ఇప్పచెట్టుకి తగులుకున్నాడు. బుడ్డి బురదలో పడి, దగ్గి, తుమ్మి, ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాంచారి ముళ్ళు దించింది. అక్కడే కూలబడి తనూ ఏడ్చింది.

మూడు గుహల అవతల ఉన్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. అందరూ ముందు తొట్టినే చూశారు.

మండలి విచారణకు కూర్చుంది. నాంచారి చివరకి పోబోతే, ఈసారి మధ్యలో నిలబడమన్నారు.

"నువ్వు కదిలావా?" అంది కొంగ.

"కదిలానండీ."

"గేటుగా కదిలావా, కంచెగా కదిలావా?"

నాంచారి ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకి అలవాటు లేదు. "అప్పుడు చూసుకోలేదండీ."

"రాసుకోండి" అంది కొంగ, తనే రాసుకుంటూ. "అధ్యక్షా, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. కంచే చేను మేస్తే కాపాడేవారెవరని పెద్దలు ఎప్పుడో చెప్పారు. కాపలాకి పెట్టిన కంచె కాపాడాల్సిన తొట్టినే నాశనం చేసింది. సామెత అక్షరాలా సరిపోయింది."

"నేను మేయలేదండీ, గుచ్చాను" అంది నాంచారి.

"మరీ ఘోరం" అంది కొంగ.

"కంచె పెట్టింది తొట్టిని కాపాడటానికి కాదు కదండీ. పిల్లల్ని కాపాడటానికే కదా. నేను కదలకపోతే ఆ పిల్ల చచ్చిపోయేది."

ఏనుగు గారు జాలిగా తొండం ఊపారు. "చచ్చిపోతే అది ప్రమాదం అయ్యేదమ్మా. ప్రమాదం జరిగితే ఏం చేయాలో మా నిబంధనల్లో ఉంది, సంతాపం తెలిపేవాళ్ళం. కంచె పరిగెత్తితే ఏం చేయాలో ఎక్కడా లేదు. నువ్వు మమ్మల్ని ఇరుకున పెట్టావు."

సోమలింగం లేచి తన నష్టం గురించి చెప్పుకున్నాడు. తను నిబంధన ప్రకారం నిద్రపోతుండగా ఇలా జరిగిందన్నాడు. తొండ ఇన్‌స్పెక్టరు తల ఆడించింది. ఎవరు మాట్లాడినా ఆడించింది.

చివరికి వరాలును పిలిచారు. ఆమె బుడ్డిని ఒళ్ళో పట్టుకుని వచ్చింది.

"నీ కూతురు బతికే ఉందా?" అన్నారు ఏనుగు గారు.

"ఉందండీ. నాంచారి వదిన దయ. ఆవిణ్ణి ఏమీ అనకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయితే ప్రమాదం జరగలేదన్నమాట. ప్రమాదమే జరగనప్పుడు తొట్టి ఎందుకు పగిలినట్టు?"

ఈ ప్రశ్నకి వరాలు దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. జవాబు లేని ప్రశ్న వేసినందుకు అందరూ ఏనుగు గారిని మెచ్చుకున్నారు.

తీర్పు సాయంత్రానికి వచ్చింది. కంచెకు ముళ్ళుండడం గాలితొట్లకు ప్రమాదమని తేలింది కాబట్టి, ఇకపై ప్రతి కంచే మెత్తగా ఉండాలి. పచ్చగడ్డి చాలు. తొట్లన్నిటికీ కాపలా పెట్టడం కష్టం, ముళ్ళపందికి కంచె కట్టడం సులువు. కాబట్టి తొట్లున్న గుహల వాళ్ళంతా కలిసి నాంచారి కలుగు చుట్టూ గట్టి ముళ్ళకంచె కట్టాలి. ఆమె తొట్ల వైపు రాకూడదు. ఇంత లోపం బయటపెట్టినందుకు తొండకి పెద్ద ఇన్‌స్పెక్టరుగా హోదా పెంచారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు, అది మండలి చేతి మీదుగా జరిగింది.

నాంచారి ఆ తీర్పు వింది. వెళ్ళి కలుగులో పడుకుంది. మళ్ళీ అందరికీ దూరంగా ఉండాలి, ఈసారి మండలి ముద్రతో. బుడ్డిని కూడా ఇక చూడలేనేమో అనుకుంది.

బయట కంచె పని జోరుగా సాగింది. పిల్లల కోసం కంప దాకా నడవని సోమలింగం, తను తెచ్చుకోబోయే కొత్త తొట్టి కోసం తెల్లవారకముందే బయల్దేరి మోపులు మోపులు రేగుకంప మోసుకొచ్చాడు. ఎలుక దూరే సందు లేకుండా అల్లారు. నాలుగు వైపులా వేశారు. నాంచారి కలుగుకి వైపులున్నాయి. తోస్తే తెరుచుకుని, వదిలితే తనంతట తనే మూసుకునే తలుపు కూడా పెట్టారు. ఎక్కడానికి వీలైన రాయి ఒక్కటి లేకుండా ఏరి పారేశారు. పెద్ద ఇన్‌స్పెక్టరు తొండ వచ్చి చూసి, అలవాటు కొద్దీ గాక నిజంగానే తల ఆడించింది. అలాంటి కంచె ఆ అడవిలో అంతకుముందు లేదు.

మిగిలిన తొట్ల చుట్టూ గడ్డి కంచెలు వెలిశాయి. వాటిని మొదటి రోజే జింకలు మేసేశాయి.

మర్నాడు పొద్దున నాంచారి కలుగు ముందు అలికిడైంది. తలుపు తోసుకుని వరాలు వచ్చింది. బుడ్డిని లోపలికి వదిలింది. ఆమె వెనక ముంగిస, ఆ వెనక ఉడత, ఆ వెనక ఇంకా ఎవరెవరో తల్లులు, పిల్లల్ని చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"ఏమిటి వదినా ఇదంతా?" అంది నాంచారి.

"అడవిలో సరైన కంచె ఉన్న చోటు ఇదొక్కటే వదినా" అంది వరాలు. "లోపల తొట్టి కూడా లేదు. సాయంత్రం దాకా వీళ్ళని ఇక్కడ ఉంచుకో. దుంపలు మేం తెస్తాం."

బుడ్డి అప్పటికే వచ్చి ముళ్ళ పక్కన కూర్చుంది. "అత్తా, ఇవాళ మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చే తల్లీ" అంది నాంచారి. "నాకు ఉద్యోగం పోయింది."

ఆ ఎండాకాలంలో ఇంకే పిల్లా నీళ్ళలో పడలేదు. గాలితొట్ల నిబంధనలు అద్భుతంగా పనిచేశాయని మండలి తీర్మానం చేసింది.

నీతి: కంచె ఎట్టి పరిస్థితిలోనూ కదలకూడదు, కదిలితే పిల్లలు బతికిపోతారు.